చేతిఫోను తెరపై మాఱు మాట: అరసవల్లి శబ్దము నిదర్శనముగా

శ్రీకాకుళ పట్టణము నానుకొని యున్న అరసవల్లి సూర్యక్షేత్రముగా ఆంధ్రదేశమంతటను ప్రసిద్ధము. ఈ గ్రామనామము తొలుత 'హర్షవల్లి' యనియు, అదియే కాలక్రమమున 'అరసవల్లి' యయ్యెననియు స్థలకథనము. ఇందు చరిత్రాంశ మెంత యను విచార మటుండనిండు. శబ్దము మాఱిన తీరు మాత్రము తద్భవప్రక్రియకు విరుద్ధము కాదు. మొదటి హకారము లోపించినది. 'ర్ష' యను సంయుక్తము విడివడి నడుమ నొక అచ్చు వచ్చి చేరినది. షకారము సకారమైనది. నిఘంటువులయందలి 'అరుసము' హర్షశబ్దమునకు వికృతి యగుట పండితులకు తెలిసినదే. రెండు రూపములయందును 'వల్లి' యను భాగము చెక్కుచెదరక నిలిచినది. మాఱినది మాఱఁగా, మాఱనిది స్థిరముగా నుండుటచేతనే ప్రాఁత రూపమునకును క్రొత్త రూపమునకును గల సంబంధమును వినువాఁడు గుర్తింపఁగలుగుచున్నాఁడు.

జనుల నోట తరతరములకుఁ గాని జరుగని యిట్టి మార్పు నేఁడు చేతిఫోను తెరమీఁద సెకనులో నాలవవంతు కాలమున జరుగుచున్నది. ఒక మాట పోవును, దాని చోటనే మఱియొక మాట వచ్చును. ఈ రాకపోకలను కంటికి తెలియునట్లు చలనముతో చూపుట యాపులను నిర్మించువారి పనులలో నొకటి. ఇది వట్టి యంత్రవిషయముగా తోఁచును గాని, తెలుఁగున దీనిని చేయఁబూనినచో మొట్టమొదట ఎదురగు ప్రశ్న వ్యాకరణమునకు సంబంధించినది: అక్షర మనఁగా నేమి? ఈ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పుకొన్న యంత్రము తెరపై తప్పు మాటలను చూపును. కావున ఈ విషయము భాషావేత్తలును, పాఠశాలలయందలి పండితులును ఎఱుఁగఁదగినది.

లేబులు, దాని మార్పు

యాపులయందు బొత్తాముపై నుండు మాట, పని యెంతవఱకు వచ్చినదో తెలుపు మాట, ఊరిపేరు, వరుససంఖ్య, వెల మొదలగు చిన్న వ్రాఁతలకు లేబుళ్లని పేరు. పుస్తకములోని మాటవలె లేబులు స్థిరము కాదు. 'పంపుము' అని యున్న బొత్తాము నొక్కఁగానే 'పంపుచున్నది' యనియు, పిదప 'చేరినది' యనియు మాఱును. చోటు ఒక్కటే, మాటలు మూఁడు.

ఈ మార్పు ఏ చలనమును లేక జరిగినచో చూచువాఁడు దానిని గమనింపక పోవుట కవకాశము కలదు. మనుష్యుని కన్ను ఒక చోటినుండి మఱియొక చోటికి గంతులువేయుచు చూచును. గంతు నడుమ జరిగిన మార్పు మనస్సునకు తెలియదు. 1997లో రెన్‌సింక్, ఓరీగన్, క్లార్క్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగములయందు రెండు చిత్రములను నడుమ క్షణమాత్రము ఖాళీ తెర యుంచి మార్చిమార్చి చూపఁగా, చిత్రములో పెద్ద వస్తువే మాఱినను చూపరులు దానిని కనిపెట్టుటకు చాల సేపు పట్టినది. ఖాళీ తెర లేనప్పుడు ఆ మార్పే వెంటనే తెలిసినది. చలనమే చూపును మార్పు జరిగిన చోటికి పిలుచును.

కావున లేబులు చలనమున కున్న ప్రయోజనములు రెండు. మార్పు జరిగినదని తెలుపుట మొదటిది. ప్రాఁత మాటకును క్రొత్త మాటకును గల సంబంధమును చూపుట రెండవది. ఈ రెంటికిని తోడ్పడని చలనము వట్టి యలంకారము. ఈ రెంటికిని అడ్డువచ్చు చలనము దోషము.

చలనమునందలి విధములు

లేబులును మార్చు పద్ధతులలో మూఁడు ముఖ్యములు. ప్రాఁత మాట క్రమముగా మసకవాఱుచుండఁగా క్రొత్త మాట క్రమముగా స్ఫుటమగుట యొకటి. ప్రాఁత మాట పైకి జరిగిపోవఁగా క్రొత్త మాట క్రిందినుండి వచ్చుట రెండవది. క్రొత్త మాట ఒక్కొక్క అక్షరముగా వెలువడుట మూఁడవది. 2008లో వెలువడిన ఆండ్రాయిడ్ మొదటి రూపమునందే 'టెక్స్ట్ స్విచ్చర్' అను ఉపకరణము కలదు. అందు రెండు లేబుళ్లు ఒకదానిమీఁద నొకటి యుండును. ఒకటి పోవుచుండఁగా రెండవది వచ్చును. 2022లో ఆపిల్ సంస్థ తన ఐఫోను వ్యవస్థయొక్క 16వ సంచికతో, అంకెలు మాఱునప్పుడు మాఱిన అంకె మాత్రమే దొరలునట్లు చేయు సదుపాయమును కల్పించినది.

మూఁడవ పద్ధతికి చేతిఫోనులకంటె ప్రాఁతదగు పూర్వరూప మొకటి కలదు. ఇటలీదేశమున ఊదినే నగరమందలి సొలారి సంస్థ రైలుస్టేషనులకొఱకును, విమానాశ్రయములకొఱకును చేసిన ఱెక్కల పలకలలో ఒక్కొక్క గడియందు అక్షరములు ముద్రింపఁబడిన ఱెక్కలు గిరగిర తిరిగి కావలసిన అక్షరము కడ ఆఁగును. రోమను లిపికి ఇది చక్కఁగా కుదిరినది. ఏలయన ఆ లిపిలో అక్షరములు పరిమితములు. ప్రతి యక్షరమును తన గడిలో తానొంటిగా నిలుచును. తెలుఁగున అట్లు కాదు. హల్లులు, గుణింతములు, ఒత్తులు కలియఁగా ఏర్పడు రూపములు వేలకొలఁది యగును. అన్ని ఱెక్కలు గల గడిని ఊహింపను వలను పడదు. గడికొక అక్షర మను భావముతో పుట్టిన చలనపద్ధతి తెలుఁగునకు వచ్చునప్పటికి చిక్కులు పుట్టుటకు మూలకారణ మిదియే.

మసకచలనమునందలి యొక సూక్ష్మమును కూడ ఇక్కడ చెప్పవలెను. నడిమి క్షణమున ప్రాఁత మాటయు, క్రొత్త మాటయు సగము సగము స్ఫుటతతో నుండును. రెండు సగములు కలిసి పూర్ణమగునని తోఁచును గాని అట్లు కాదు. క్రింది పొర సగము నేలను కప్పఁగా, పై పొర మిగిలినదానిలో సగమును మాత్రమే కప్పఁగలదు. అనఁగా రెండును కలిసిన చోట కప్పు నూటికి 75 పాళ్లే. కావున హర్షవల్లి అరసవల్లిగా మాఱునప్పుడు ఉభయసామాన్యమగు 'వల్లి' ఒకే చోట నుండినను నడుమ నొక్కసారి వెలవెలఁబోయి మరల స్ఫుటమగును. మాఱని భాగము మాఱినట్లు కనఁబడుట దోషము. దీనిని తొలగించుటకు సామాన్యభాగమును కదలింపక నిలిపి, భిన్నభాగమును మాత్రమే మార్చుట యుపాయము. అయితే ఎంతవఱకు సామాన్యము, ఎచ్చట భేదము మొదలగునని నిర్ణయించుటకు మాటను ఖండింపవలసి వచ్చును. ఖండించునది యంత్రము.

అక్షరమును, సంకేతసంఖ్యయు

యంత్రములోపల తెలుఁగు వ్రాఁత యూనికోడు సంకేతసంఖ్యలుగా నుండును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి సంచికనుండియు తెలుఁగునకు 128 స్థానములుగల ఖండ మొకటి కేటాయింపఁబడి యున్నది. అందు అచ్చులకును, హల్లులకును, గుణింతపు గుఱుతులకును, పొల్లునకును, అంకెలకును వేర్వేఱు సంఖ్యలు కలవు. ఒత్తులకు మాత్రము వేఱు సంఖ్యలు లేవు. హల్లు, దానివెంట పొల్లు, దానివెంట మఱియొక హల్లు వచ్చినప్పుడు, ఆ రెండవ హల్లును ఒత్తుగా మార్చి చూపుట ఫాంటుయొక్కయు, అక్షరములను కూర్చు యంత్రభాగముయొక్కయు పని.

అరసవల్లి శబ్దమునందు పండితుఁడు లెక్కించు అక్షరములు ఐదు: అ, ర, స, వ, ల్లి. యంత్రము లెక్కించు సంఖ్యలు ఎనిమిది: అకారము, రకారము, సకారము, వకారము, లకారము, పొల్లు, మరల లకారము, గుడి. హర్షవల్లియం దక్షరములు నాలుగే: హ, ర్ష, వ, ల్లి. సంఖ్యలు మాత్రము తొమ్మిది. అక్షరములు తక్కువగల మాటకే సంఖ్యలు ఎక్కువ. శ్రీకాకుళం అను మాటలో నాలుగక్షరములకు పది సంఖ్యలు. కావున సంఖ్యలను బట్టి అక్షరముల నూహించుటకు సూత్ర మేదియు లేదు. సంయోగమును చూచియే తెలిసికొనవలెను.

ఇప్పుడు అరసవల్లి యను పేరును ఒక్కొక్క సంఖ్యగా వెలువడునట్లు చేసిన యాపును పరిశీలింపుఁడు. మొదటి నాలుగడుగులును నిర్దోషములు. ఐదవ యడుగున 'అరసవల' అని కనఁబడును. ఆఱవ యడుగున 'అరసవల్' అని పొల్లుతో నిలుచును. ఏడవ యడుగున పొల్లు మాయమై 'అరసవల్ల' యగును. ఎనిమిదవ యడుగునకు గాని పేరు సరిగా రాదు. ఎనిమిదింట మూఁడడుగులు ఎవ్వరును వ్రాయని రూపములు. రోమను లిపిలో వ్రాసిన పేరు ఇట్లు వెలువడినప్పుడు అసంపూర్ణముగా నుండును గాని, వచ్చిన అక్షరము రూపు మార్చుకొనదు. తెలుఁగున వచ్చిన అక్షరమే మరల మాఱుచుండును.

ఊరిపేరు విషయమున ఇది కంటికి ఇబ్బంది మాత్రమే. సామాన్యపదములయందు అర్థమే చెడును. 'కల్ల' యను మాట వెలువడుచు రెండవ యడుగున 'కల' యగును. అబద్ధమునకు ముందు స్వప్నము కనఁబడినదన్నమాట. 'వల్ల' యనుటకు ముందు 'వల' కనఁబడును. 'మన్ను' అనుటకు ముందు 'మన' కనఁబడును. అక్షరములు నేర్చుకొను బాలునికొఱకు చేసిన యాపులో ఇట్టి చలన మున్నచో, ఒత్తు అను భావమే వానికి తప్పుగా పట్టుబడును. 'ల్ల' యనునది లకారమునకు పొల్లు తగిలి, అది పోయి, మఱియొక లకారము వచ్చి కలియుటగా వాఁడు కన్నులార చూచును. పలకమీఁద గురువు వ్రాయించు తీరు ఇది కాదు. గురువు ముందు లకారమును నిండుగా వ్రాయించి, పిదప దానిక్రింద ఒత్తును వ్రాయించును. పొల్లు ఎక్కడను కనఁబడదు.

సంఖ్యలను విడివిడి లేబుళ్లుగా చేసి ఒక్కొక్కదానిని కదలించు యాపులయందు దోష మింకను ప్రబలము. ఆధారమగు హల్లునుండి విడివడిన గుణింతపు గుఱుతునకు నిలుచుటకు చోటు లేదు. అట్టిదానిని అక్షరములను కూర్చు యంత్రభాగము చుక్కలతో గీచిన వలయముపై నిలిపి చూపును. తెలుఁగు తెరలపై అక్కడక్కడ కనఁబడు ఆ చుక్కల వలయము ఫాంటు లోపముకంటె తఱచుగా ఇట్టి ఖండనదోషమునకు గుఱుతు.

యూనికోడు సంఘము ఈ చిక్కును ఎఱుఁగకపోలేదు. చదువరి ఒక్కటిగా భావించు గుంపును నిర్ణయించు నియమములను అది చాల కాలమునకు పూర్వమే ఏర్పఱచినది. ఆ ప్రాఁత నియమములు గుణింతమును హల్లుతో కలిపి యుంచినవి గాని, ఒత్తును కలిపి యుంచలేదు. వాని ప్రకారము 'ల్లి' అనునది 'ల్' అనియు 'లి' అనియు రెండు ముక్కలు. అరసవల్లియందు ఆఱు గుంపులు. 2023 సెప్టెంబరులో వెలువడిన 15.1 సంచికలో తెలుఁగుతోపాటు దేవనాగరి, వంగ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు సంయుక్తాక్షరమును ఒక్కటిగా గణించు నియమము చేర్పఁబడినది. దానినిబట్టి అరసవల్లి గుంపులు ఐదు, హర్షవల్లి గుంపులు నాలుగు. పండితుని లెక్కయు యంత్రపు లెక్కయు ఇక్కడ కలిసినవి. అయితే ఈ నియమము వెలువడుటకు పూర్వము చేసిన ఫోనులయందును, ప్రాఁత ఉపకరణములతో కట్టిన యాపులయందును పూర్వపు ఖండనమే సాఁగుచుండును.

2018వ సంవత్సరపు ఉదంతము

అక్షరసంయోగము యంత్రమునకు ఎంత సున్నితమైన చోటో తెలుపు ఉదంత మొకటి 2018 ఫిబ్రవరిలో లోకమంతట ప్రచారమైనది. ఐఫోను వ్యవస్థయొక్క 11.2.5 సంచికలో జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనఁబడని వియోజకచిహ్నము, ఆత్వపు గుఱుతు అను ఐదు సంఖ్యలు ఈ వరుసను వచ్చినచో, దానిని చూపఁబోయిన యాపు ఆ క్షణముననే మూసికొని పోయెడిది. తెరపై కనఁబడవలసినది 'జ్ఞా' యను అక్షరము. ఎవ్వరైనను ఆ వరుసను సందేశముగా పంపినచో అందుకొన్నవాని సందేశముల యాపు తెఱచుకొనక పోయెడిది. ప్రకటనగా వచ్చినచో ఫోను ముఖపత్రమే స్తంభించెడిది. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19వ తేదీని 11.2.6 సంచికను వెలువరించి దీనిని సరిదిద్దినది.

నాఁడు పత్రికలు దీనిని తెలుఁగు అక్షరపు దోషముగా వర్ణించినవి. దోషము అక్షరమునందు లేదు. సంయుక్తమును, కనఁబడని చిహ్నమును, గుణింతమును ఏకకాలమున కూర్పవలసివచ్చినప్పుడు తడఁబడిన యంత్రభాగమునందు కలదు. లేబులు చలనముతో దీనికి సాక్షాత్సంబంధము లేకున్నను, పాఠము మాత్రము సమానమే. తన యేలుబడిలోని పదములతో మాత్రమే పరీక్షింపఁబడిన యంత్రము ఇతర లిపుల సంయోగములయొద్ద ఏమి చేయునో ముందుగా చెప్పరాదు. లేబులును ముక్కలు చేసి కదలించు యాపు, సామాన్యముగా ఎవ్వరును వ్రాయని సంఖ్యావరుసలను తానే పుట్టించి తెరకు అప్పగించుచున్నది.

ఒత్తులును, తెర యంచులును

అక్షరముగా ఖండించినంత మాత్రమున చిక్కులన్నియు తీరవు. తెలుఁగు అక్షరమునకు నిలువున మూఁడంతస్తులు కలవు. నడుమ హల్లు, పైన తలకట్టో గుడియో ఏత్వమో, క్రింద ఒత్తు. 'రాష్ట్రము' వంటి పదములందు క్రింది యంతస్తునకు రెండొత్తులు దిగును. క్రిందినుండి పైకి జరుగుచు వచ్చు లేబులు ఒక కిటికీ యంచును దాఁటి వచ్చును. అంచును దాఁటని భాగము కనఁబడదు. అట్టి చలనమున పైయంతస్తు ముందు కనఁబడి, ఒత్తు చివర కనఁబడును. ఒత్తు కనఁబడునంతవఱకు 'కల్ల' యను మాట మరల 'కల' యే. పైనుండి దిగివచ్చునట్లు చేసినచో ఒత్తులు ముందు వచ్చి గుణింతములు తరువాత వచ్చును. అప్పుడు 'వల్లి'కిని 'వల్లె'కును భేదము తెలియదు.

రోమను లిపి కొలతలతో కట్టిన లేబులు పెట్టెలయందు ఈ దోషము చలనము ముగిసిన పిదపను నిలిచిపోవుట కలదు. పెట్టె యెత్తు చాలక ఒత్తు సగము తెగును. చలనము జరుగునప్పుడు మాత్రమే పెట్టె కత్తిరించును, ఆఁగిన పిదప కత్తిరింపదు అను విచిత్రమును కూడ కొన్ని యాపులయందు సంభవించును. నిశ్చలచిత్రమును మాత్రమే చూచి పరీక్షించువారికి ఇది కనఁబడదు. కావున తెలుఁగు లేబులునకు ఒత్తులు దిగుటకు తగిన యెత్తును ముందుగానే యేర్పఱచి, జరుగుట కొద్దిపాటిగ నుంచి, మసకతో కలిపి చూపుట మంచిది. అప్పుడు పైయంతస్తును క్రిందియంతస్తును ఒక్కసారియే స్ఫుటమగును.

నిషేధము చివర నుండుట

ఇంతవఱకు చెప్పినది లిపివిషయము. వాక్యవిషయ మింతకంటె గురుతరము. తెలుఁగున నిషేధము క్రియాపదము చివర వచ్చును. సొమ్ము చెల్లినదో లేదో తెలుపు లేబుళ్లు సామాన్యముగా 'చెల్లించబడింది', 'చెల్లించబడలేదు' అని యుండును. రెంటియందును మొదటి నాలుగక్షరములు ఒక్కటే: చె, ల్లిం, చ, బ. సంఖ్యల లెక్కలో డకారము కూడ సామాన్యమే. అక్కడనుండియే భేదము. సామాన్యభాగమును నిలిపి భిన్నభాగమును మాత్రమే కదలింపవలెనను పై సూత్రమును ఇక్కడ సంఖ్యలతో అనుసరించినచో, 'చెల్లించబడ' నిశ్చలముగా నుండి, 'డిం'లోని గుడియు, సున్నయు, చివరి 'ది'యు మాత్రము ఊడి, వాని చోట 'లేదు' వచ్చి చేరును. అర్థము తలక్రిందులగుచుండఁగా మాటలో సగమునకు పైగా కదలక నిలుచును. త్వరలో నున్న చదువరి మాట మొదలును చూచి, మునుపటిదే యని తలఁచి సాఁగిపోవును.

దీనికి తోడు, మాట పట్టని పెట్టెలో చివరిభాగమును తీసివైచి మూఁడు చుక్కలను చూపు వాడుక కలదు. క్రొత్త మాట ప్రాఁతదానికంటె దీర్ఘమై, పెట్టె మెల్లగా వెడల్పగుచుండునప్పుడు, చలనము ముగియువఱకు 'చెల్లించబడ…' అని కనఁబడును. నిర్ణయము ఆ మూఁడు చుక్కలలో దాఁగినది. నిషేధమును వాక్యారంభముననే చెప్పు ఆంగ్లమునందు కత్తిరించినను సారాంశము మిగులును. తెలుఁగున కత్తిరింపఁబడునదే సారాంశము. ఒక్కొక్క అక్షరముగా వెలువడు చలనమునందును ఇదియే యాపద. 'రాదు' అను మాట మొదటి యక్షరమునకే 'రా' యని పిలుచును. ఇక్కడ అక్షరఖండనము నిర్దుష్టముగా నున్నను అర్థము నిర్దుష్టము కాలేదు. కనుక అక్షరము ఖండనమునకు కనిష్ఠపరిమాణమే గాని, చలనమునకు తగిన పరిమాణము కాదు. చలనమునకు తగినది పదము. స్థితిని తెలుపు లేబులు మొత్తముగా పోయి మొత్తముగా రావలెను.

మఱియొక యుపాయము మాటల యెంపికలోనే కలదు. శ్రీకాకుళ సమీపమున పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాషకొఱకు చేసిన వాదము పండితలోకమునకు సుపరిచితము. నేఁటి యాపుల భాష వ్యావహారికమని పేరేగాని, 'చెల్లించబడలేదు' వంటి కర్మణిరూపములు ఎవ్వరి నోటను లేవు. ఆ సీమలోని దుకాణదారుఁడు 'సొమ్ము ముట్టింది' యనును; కాకున్న 'ఇంకా ముట్టలేదు' అనును. ఈ రెండు మాటలకును భేదము మొదటి యక్షరముననే కలదు. 'ఇంకా' అను అవ్యయము నిషేధమునకు ముందుగానే చదువరిని హెచ్చరించును. పలుకుబడిని అనుసరించిన లేబులు చలనమునకును అనుకూల మగుచున్నది.

అంకెలు, కాలము, చూపులేనివారు

అంకెల విషయమున తెలుఁగునకు ప్రత్యేకమగు చిక్కు లేదు. అంకె ఒంటిగా నిలుచును గావున దానిని దొరలించవచ్చును. అయితే అంకెలన్నియు సమానమగు వెడల్పు గలవిగా నుండవలెను. లేనిచో 1 పోయి 8 వచ్చినప్పుడు ప్రక్క అంకెలన్నియు అదరును. అరసవల్లి ఆలయమున ఏటేట మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని దినములు ప్రాతఃకిరణములు స్వామి పాదములను తాఁకును. అది కొలఁది నిమిషముల దర్శనము. ఆ దినములయందును, రథసప్తమినాఁడును జనసమ్మర్ద మధికము. అట్టి వేళ ఒక యాత్రికుఁడు ఫోనులో తన వరుససంఖ్యను చూచుచున్నాఁడనుకొందము. 199 అను సంఖ్య 200 అగుచుండఁగా మూఁడంకెలును వేర్వేఱు వేగములతో దొరలినచో నడుమ 209, 290 వంటి లేని సంఖ్యలు కనఁబడును. అంకెలన్నియు ఒక్కసారి కదలి ఒక్కసారి ఆఁగవలెను.

కాలపరిమాణమునకును హద్దు కలదు. సామాన్యముగా తెర సెకనునకు 60 మాఱులు క్రొత్తగా గీయఁబడును. ఒక్కొక్క గీఁతకు సుమారు 16.7 మిల్లీసెకనులు. పావు సెకను చలనమునకు 15 గీఁతలు. ఇంతకంటె చాల తక్కువయైనచో కన్ను చలనమును పట్టజాలదు. చాల ఎక్కువయైనచో చదువరి మాటకొఱకు వేచియుండవలెను. సెకనునకు మూఁడు మాఱులకంటె ఎక్కువగా మెఱయు దృశ్యమును నిషేధించుచు, తానై మొదలై ఐదు సెకనులకు మించి ఇతర విషయముల ప్రక్కన కదలుచుండు దానిని ఆఁపుటకు వీలుండవలెనని విధించుచు 2008లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములు ఈ విషయమునను శిరోధార్యములు. చలనమువలన తలతిరుగువారు ఫోను అమరికలలో చలనమును తగ్గింపుమని కోరవచ్చును. యాపు ఆ కోరికను మన్నించి, జరుగుటను విడిచి వెంటనే మాటను మార్చవలెను.

చూపులేనివారు తెరను చదివి వినిపించు యంత్రమును ఆశ్రయింతురు. లేబులు ముక్కలుముక్కలుగా మాఱినచో ఆ యంత్రము 'అ', 'ర', 'స' అని ముక్కలనే చదువవచ్చును. ఒక్కొక్క మార్పును వేఱు వార్తగా చెప్పి విసిగింపవచ్చును. కావున కంటికి చలనము ఎట్లున్నను, చెవికి మాట ఒక్కటిగా, ముగిసిన పిదప ఒక్కసారి, అందవలెను.

పండితులు చేయఁదగిన పని

యంత్రనిర్మాతలు తమ చలనములను సామాన్యముగా చిన్న ఆంగ్లపదములతో పరీక్షింతురు. వారికి తెలుఁగున పరీక్షాపదముల పట్టిక యొకటి కావలసియున్నది. అందు ఒత్తు చేరినంతనే అర్థము మాఱు జంటలు — కల, కల్ల. వల, వల్ల — ఉండవలెను. పైయంతస్తును క్రిందియంతస్తును ఒక్కసారి పరీక్షించు రాష్ట్రము, స్వాతంత్ర్యము, వైశిష్ట్యము వంటివి యుండవలెను. జ్ఞానము ఉండితీరవలెను. చివరి యక్షరములయందే భేదముగల విధినిషేధముల జంటలు ఉండవలెను. ర్ష వంటి సంయుక్తములను ఒత్తుతో వ్రాయుటయు, వలపలగిలకతో వ్రాయుటయు లిపిచరిత్రలో కలవు గనుక, ఫాంటు దేనిని చూపుచున్నదో పరీక్షింపవలెను. ఇట్టి పట్టికను కూర్చుట యంత్రజ్ఞులకు సాధ్యము కాదు. బాలశిక్షను బోధించు పండితునకు అది ఒక పూట పని. పాఠశాలయందు ఉపయోగించు యాపులను పిల్లల చేతికిచ్చుటకు పూర్వము ఈ పదములను అందు వ్రాసి, మాట మాఱు తీరును నిదానముగా చూచినచో, ఒత్తును విఱిచి చూపునది ఏదో, కూర్చి చూపునది ఏదో తెలిసిపోవును.